వసుమతి తిట్లు ఎక్కిన ఎల్పీ

వసుమతికి నిద్రంటే ప్రాణం. తెనాలిలో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, డెబ్బైల్లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు చేరిన ఆవిడ అక్కడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేది. పొద్దున్నే ఇంటికొచ్చి, ఇంత పెరుగన్నం తిని, కర్టెన్లు దగ్గరికి లాగి పడుకుందంటే సాయంత్రం దాకా లోకంతో పనిలేదు. ఆ సంగతి తెలిసిన తెలుగువాళ్ళెవరూ పగటిపూట ఆ ఇంటికి ఫోన్ చేసేవారు కాదు. తెలుగు సంఘం కార్యదర్శి కృష్ణమూర్తి ఒకసారి చేశాడు. మళ్ళీ ఎన్నడూ చేయలేదు.

భర్త భీమశంకర్‌ది వేరే తీరు. ఒక ఇంజినీరింగ్ కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఎవరేమడిగినా "నో ప్రాబ్లం" అనడం ఆయనకు అలవాటు. అడిగింది సగమే అర్థమైనా అనేవాడు. ఆ మాట పుణ్యమా అని ఒకసారి ఊరికి వెళ్తున్న ఎవరిదో పిల్లి వాళ్ళింటికి చేరి, ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు తిరిగి రాక, వీళ్ళింట్లోనే స్థిరపడిపోయింది.

1979 వసంతంలో పక్కింట్లోకి లెరాయ్ అద్దెకొచ్చాడు. భారీ మనిషి, మెత్తటి మాట. కార్ల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం మొదలయ్యే షిఫ్టులో పని. అదే షిఫ్టులోని స్నేహితులతో కలిసి ఒక బ్యాండు పెట్టి, దానికి 'సెకండ్ షిఫ్ట్' అనే పేరే ఖాయం చేశాడు. వాళ్ళు వాయించేది రిథమ్ అండ్ బ్లూస్. పాడే గొంతు ఒక్కటే, డ్రమ్స్ పోను తక్కినవన్నీ ట్రంపెట్లూ ట్రాంబోన్లూ సాక్సఫోన్లూ. సాయంత్రాలు ఫ్యాక్టరీలో ఉంటారు కనుక సాధన పొద్దున్నే, లెరాయ్ గరాజులో. ఆ గరాజుకు ఆనుకునే వసుమతి పడకగది.

మొదటి రోజు నిద్రమత్తులో, తెనాలిలో తమ వీధిలోకి పెళ్ళి ఊరేగింపు వచ్చిందనుకుంది. ఊరేగింపు ఎంతకీ ముందుకు కదలకపోవడంతో కళ్ళు తెరిచింది.

చెవుల్లో దూది పెట్టుకుంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. చివరికి భర్త మీద పడింది.

"ఏవండీ, ఆ పక్కింటాయనతో ఒక్కసారి మాట్లాడరూ?"

"మాట్లాడతాలే."

వారం తర్వాత మళ్ళీ అడిగింది. "మాట్లాడారా?"

"వాళ్ళు ఆర్టిస్టులు వసూ. సెన్సిటివ్‌గా ఉంటారు."

"నేను నర్సునండీ. సూదులు గుచ్చడం నాకూ వచ్చు."

రెండు నెలలు ఓర్చుకుంది. జూన్‌లో ఒక పొద్దున నైటీ మీద స్వెటర్ వేసుకుని, తలకు తువ్వాలుతోనే గరాజు ముందుకు వెళ్ళి నిలబడింది. ఆవిడకు ఇంగ్లీషు బాగా వచ్చు గానీ అది ఆసుపత్రి ఇంగ్లీషు, అందులో మర్యాద తప్ప మరేమీ లేదు. అందుకని తెలుగులోనే మొదలుపెట్టింది.

"మీ బూరలు బుగ్గిపాలు గాను! మీకు కొంపాగోడూ లేవా? ఒక మనిషి రాత్రంతా నిలువుకాళ్ళ మీద పని చేసొచ్చి పడుకుందన్న ఇంగితం ఉందా? ఏం రోగం మీకు? చూపించండి, మందేస్తాను!"

బాకాలన్నీ ఠక్కున ఆగిపోయాయి. డ్రమ్స్ వాయించే ఆయన మాత్రం అటు తిరిగి కూర్చున్నాడు కనుక ఆపలేదు. ఆవిడ తిట్లు ఆ దరువు మీద చక్కగా పడ్డాయి. పక్కనే టేప్ రికార్డర్ తిరుగుతోంది. వసుమతి అదేమీ గమనించకుండా ఇంటికొచ్చి పడుకుంది. ఆ రోజు గరాజులోంచి మళ్ళీ చప్పుడు రాలేదు.

ఆదివారం సాయంత్రం లెరాయ్ చిలగడదుంపతో 'పై' అనే తీపి వంటకం చేయించి పట్టుకొచ్చాడు.

"మీది నైట్ షిఫ్ట్ అని నాకు తెలీదు మేడమ్," అన్నాడు ఇంగ్లీషులో. "కానీ నాకు చెప్పింది..." అంటూ ఆగాడు. వసుమతి వెనకాల నిలబడి భీమశంకర్ రెండు చేతులూ జోడిస్తున్నాడు. లెరాయ్ గొంతు సవరించుకుని, ఇకనుంచి చర్చి హాల్లో వాయించుకుంటామని చెప్పాడు.

"ఒక్క కోరిక. ఒక చిన్న కంపెనీ మా పాటలతో ఎల్పీ రికార్డు వేస్తోంది. మొన్న మీరు అన్నది మా పాటలో కావాలి. టేపులో సరిగా పడలేదు. స్టూడియోకి వచ్చి ఇంకోసారి అంటారా? ఇంతకీ దాని అర్థమేమిటి?"

వసుమతి రెప్ప వేయలేదు. "ఇంట్లో శాంతి కోసం చదివే మంత్రం."

లెరాయ్ గుండె మీద చేయి వేసుకున్నాడు. "అందుకే నాకు ఒళ్ళు జలదరించింది."

ఓక్లండ్‌లోని స్టూడియోకి వసుమతి కంచిపట్టు చీర కట్టుకుని వెళ్ళింది. చిక్కేమిటంటే అప్పటికి కొన్నాళ్ళుగా ఆవిడకు కంటినిండా నిద్ర. మైకు ముందు నిలబడి, రేడియోలో వాతావరణ సూచన చదివినట్టు "మీ బూరలు బుగ్గిపాలు గాను" అంది. ఎన్నిసార్లు అనిపించినా అంతే. కోపం రాలేదు సరికదా, మధ్యలో నవ్వొచ్చింది. అద్దం అవతల రికార్డింగు ఆయన తల అడ్డంగా ఊపాడు. లెరాయ్ మొహం వాడిపోయింది.

భీమశంకర్ ఆ మొహం చూడలేకపోయాడు. కాసేపు గోళ్ళు కొరుక్కుని, రికార్డింగు ఆయన ముందున్న మైకు దగ్గరికి వంగాడు.

"వసూ, ఒక మాట. లెరాయ్ అద్దెకొచ్చిన రోజే నన్ను అడిగాడు, పొద్దున్నే వాయించుకుంటే మీకేమైనా ఇబ్బందా అని."

"మీరేమన్నారు?"

"నో ప్రాబ్లం అన్నా."

వసుమతి చీర కొంగు బిగించింది. "ఇంకా?"

"మా ఆవిడకి మ్యూజిక్ అంటే చచ్చేంత ఇష్టం, కాస్త గట్టిగానే వాయించండి అన్నా."

రికార్డింగు ఆయన తెలివైనవాడు. మాట అర్థం కాకపోయినా ఆవిడ మొహం చూసి టేపు తిప్పేశాడు.

"మీరు మనిషేనా అండీ? నేను చెవుల్లో దూది కుక్కుకుని చస్తుంటే ఆర్టిస్టులని నాకు కబుర్లు చెబుతారా అండీ? మీ నో ప్రాబ్లం తగలెయ్య! ఆ పిల్లి వచ్చిన రోజే దాంతో పాటు మిమ్మల్నీ బయట పెట్టాల్సింది! పదండి ఇంటికి, మీ పని చెబుతా!"

అద్దం అవతల బ్యాండువాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. భీమశంకర్ కూడా కొట్టాడు. ఇంటికెళ్ళాక మూడు వారాలు ఆయన వంట ఆయనే చేసుకున్నాడు.

ఎల్పీ ఆ శరదృతువులో వచ్చింది. పేరు 'ది లేడీ నెక్స్ట్ డోర్'. అట్ట వెనక 'శాంతి మంత్రం: వసుమతి' అని అచ్చువేశారు. పాటలో ఆవిడ "అండీ" అన్నప్పుడల్లా ట్రంపెట్లు రెండు "పాఁ, పాఁ" అని బదులిస్తాయి. "మీ పని చెబుతా" అనగానే బాకాలన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి. ఓక్లండ్ రేడియోలో ఒకాయన కళ్ళు మూసుకుని వినమని శ్రోతలకు సలహా ఇచ్చాడు.

తెలుగువాళ్ళు మాత్రం కళ్ళు తెరుచుకునే విన్నారు. దీపావళి సమావేశంలో కృష్ణమూర్తి అది హాల్లో పెట్టాడు. ఆడవాళ్ళు కన్నీళ్ళొచ్చేలా నవ్వి, మళ్ళీ పెట్టించారు. తెలుగు ముక్క రాని పిల్లలు సైతం "పడండి ఇంటికి, మీ పని చెబ్టా" అంటూ అమెరికన్ యాసలో తండ్రుల మీదికి వెళ్ళారు. భీమశంకర్ లేచి నిలబడి, పాడినవాడిలాగా అందరికీ నమస్కారం పెట్టాడు.

1982లో కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. బ్యాండు చెదిరిపోయింది. లెరాయ్ లాస్ ఏంజలెస్ వెళ్ళిపోతూ తన పాత ట్రంపెట్ ఒకటి వసుమతికి ఇచ్చాడు. తర్వాత పగటి డ్యూటీ రావడంతో ఆవిడకు సాయంత్రాలు తీరిక దొరికింది. స్కూల్లో సంగీతం చెప్పే ఒకావిడ దగ్గర పాఠాలకు చేరింది. తొలి ఆర్నెల్లూ ఆ ట్రంపెట్ గేదెలా అరిచింది. వసుమతి సిగ్గుపడలేదు.

1986 జూలై నాలుగో తేదీ, అమెరికా స్వాతంత్ర్య దినం ఊరేగింపులో ఆసుపత్రి సిబ్బంది బ్యాండులో ఆవిడ రెండో వరసలో నడిచింది. నేత చీర, కింద తెల్ల కాన్వాస్ బూట్లు. బుగ్గలు పూరీల్లా పొంగించి వాయిస్తుంటే, నీళ్ళ సీసా పట్టుకుని భీమశంకర్ పేవ్‌మెంట్ మీద పక్కనే పరుగులాంటి నడక నడిచాడు. మలుపు దగ్గర వరసంతా కుడికి తిరిగితే వసుమతి ఎడమకి తిరిగి, స్వరం మాత్రం వదలకుండా, కొంత దూరం ఒక్కతే వెళ్ళింది. వీధి పొడవునా జనం ఆవిడకే ఎక్కువ చప్పట్లు కొట్టారు.