పెనుగొండ నుంచి తెచ్చిన అంకెలు

పోయినవి ముందు చెబుతాను. పదకొండు రోజులు. అందులో ఆదివారం ఒకటి తీసేస్తే పది. రోజుకు రెండు తరగతులు, తరగతికి గంట, అంటే ఇరవై గంటలు. చిన్నపిల్లల తరగతిలో ఎనిమిది మంది, గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్షకు చదివేవాళ్లు ఆరుగురు. ఒక్కొక్కరికి పది గంటల చొప్పున పోయాయి కాబట్టి పద్నాలుగు పదులు నూట నలభై. చిన్న తరగతిలో నలుగురు మానేశారు, ఇద్దరే తిరిగొచ్చారు. కేబుల్ ఆయన చేత అనవసరంగా నాలుగుసార్లు నిచ్చెన ఎక్కించాను. అదీ కలుపుకోవాలి.

నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. భీమవరం పక్కన ఒక రొయ్యల షెడ్డులో పద్దెనిమిదేళ్లు తూకం దగ్గర నిలబడ్డాను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది ఆ సరుకు కౌంటు. కొన్నాళ్లకు ట్రే చూడగానే ముప్పయ్యా నలభయ్యా చెప్పేసేదాన్ని. గుణకారాలు, సగటులు, భిన్నాలు అన్నీ అక్కడ నిలబడే నేర్చుకున్నాను. ఐసు నీళ్లకు వేళ్లు వంకర తిరగడం మొదలయ్యాక పని మానేసి, వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఎవరో వాడిన లాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, సాయంత్రాలు ఇంట్లోంచే దూరం ఊళ్ల పిల్లలకు కూడా చెబుతున్నాను.

ఆ ఆరుగురిలో ఒకమ్మాయి మొగల్తూరు నుంచి చేరింది. వాళ్లమ్మ షెడ్డులో నా పక్కనే రొయ్యల తలలు తీసేది, ఇప్పటికీ అదే పని. పరీక్షలో సీటు వస్తే ఆ పిల్లకు ఇంటర్ దాకా హాస్టల్, చదువు అంతా ఉచితం. రాకపోతే ఏడో తరగతి అయ్యాక అమ్మ వెంట షెడ్డుకే. ఆ ఇంట్లో ఇది అందరికీ తెలిసిన లెక్క. పరీక్షకు అయిదు వారాలు ఉందనగా మా ఇంటర్నెట్ ఆగిపోయింది. భిన్నాలు ఇంకా మొదలుపెట్టనే లేదు.

సోమవారం సాయంత్రం తరగతి సైటు పేరు కొడితే తెర మీద తెల్లటి పేజీ వచ్చి, ఈ చిరునామా దొరకలేదు అంది. ఇంకో సైటు పేరు కొట్టాను. అదీ దొరకలేదు. ఇంటర్నెట్ బాక్సు మీద నాలుగు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. ఇంటి నెట్ మీదే ఫోన్‌లో మెసేజీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

"మెసేజీలు వస్తుంటే నెట్ ఉన్నట్టే కదే?" అన్నారు మావారు. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తారు. కరెంటు ఉందా లేదా అన్న రెండు మాటల్లోనే ఆయన లోకమంతా ఇమిడిపోతుంది.

"ఉంటే సైటు రావాలి కదండీ."

"సగం ఉందేమో."

నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత తెలిసింది, ఆయన చెప్పిందే నిజానికి దగ్గరని.

మర్నాడు కేబుల్ ఆయన వచ్చారు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. స్తంభం దగ్గర ఒక ప్లగ్గు మార్చారు, ఇంట్లో ఇంకొకటి మార్చారు. సైటు రాలేదు. బుధవారం మళ్లీ వచ్చి, బాక్సు వెనక చిన్న రంధ్రం చూపించారు.

"పిన్ను పెట్టి నొక్కి చూద్దామండి అక్కగారూ. బాక్సు మళ్లీ మొదట్నుంచి మొదలవుద్ది. ఒక్కోసారి దాంతోనే బాగయిపోద్ది."

"వద్దండి. అందులో నేను పెట్టుకున్నవన్నీ పోతాయి."

"ఏం పెట్టుకున్నారండీ?"

"పాస్‌వర్డూ, అవీ ఇవీ..."

నేను ఆ మాట అక్కడితో మింగేశాను. ఆయన భుజాలు ఎగరేసి నిచ్చెన ఎక్కారు.

గురువారం మళ్లీ ఎక్కి చూశారు, శుక్రవారం స్తంభం నుంచి ఇంటి దాకా వైరు మొత్తం మార్చారు. అయినా అంతే. ఆ రోజు ఆయన్ని నేను అనకూడని మాట ఒకటి అన్నాను. "రొయ్య కుళ్లితే ఐసు వేసినవాడిదే తప్పండి, రొయ్యది కాదు" అన్నాను. ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఫోన్‌లోని నెట్‌తో చెబుదామని డాబా ఎక్కి చూశాను. మా ఇంటి చుట్టూ చెరువులే. ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ ఒక గీతే ఉంటుంది, డాబా మీద రెండు. చెరువుల్లో రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ గోల పెడుతుంటే పిల్లలకు నా మాట వినిపించలేదు, నాకు వాళ్ల మాట వినిపించలేదు. పన్నెండు నిమిషాలకు కాల్ తెగిపోయింది. దాన్ని నేను తరగతిగా లెక్క కట్టను.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని పెనుగొండలో మా చెల్లి ఇంటికి వెళ్లాను. అక్కడ అన్ని సైట్లూ టక్కున వచ్చేశాయి.

"నీ లాప్‌టాప్ బంగారం అక్కా. మీ కేబుల్ ఆయనే బొత్తిగా పనికిరాడు" అంది చెల్లి.

నాకు ఆ మాట తియ్యగా వినిపించింది. పనిలో పనిగా వాళ్ల ఇంటర్నెట్ బాక్సు సెట్టింగుల పేజీ తెరిచి అందులోని అంకెలు కూడా చూశాను. మా బాక్సులో ఉన్నవీ అవే. తప్పు నాది కాదని రూఢి చేసుకుని తిరిగొచ్చాను.

గురువారం మధ్యాహ్నం మొగల్తూరు పిల్ల వాళ్లమ్మ ఫోన్ చేసింది. షెడ్డులో అన్నం తినే వేళ అది. వెనక నుంచి ట్రేల చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, ఈరోజు కూడా లేదా?"

"లేదమ్మా. చూస్తున్నారు."

"పది రోజుల నించీ చూస్తానే ఉన్నారు గదక్కా. ఇది ఒకటే ఏడుపు. భిన్నాలు రాకుండా ఎల్లి ఏం రాత్తాను అంటంది. పంపనా, మాననా? ఏదోటి చెప్పేయ్. మానేట్టయితే ఎండాకాలం నించీ నాతో తీసుకెళ్లిపోతాను, మేస్త్రీకి ఇప్పుడే చెప్పుకోవాలి."

"వారం ఆగు."

"వారమా! నువ్వు ట్రే చూసి కౌంటు చెప్పేదానివి గదా, నీ ఇంట్లో డబ్బా ఎందుకు ఆగిపోయిందో చెప్పలేవా?"

ఎగతాళికే అంది. కానీ అది సూటిగా తగిలింది. షెడ్డులో కౌంటు మీద గొడవ వస్తే మేం అరుచుకునేవాళ్లం కాదు. ట్రేలో పైనుంచి ఒక కిలో, మధ్య నుంచి ఒక కిలో, అడుగు నుంచి ఒక కిలో తీసి ముగ్గురి ఎదుట లెక్కపెట్టేవాళ్లం. ఈ పదకొండు రోజుల్లో నేను ఒక్క కిలో కూడా తీయలేదు. ఊరికే పైనుంచి చూసి, కేబుల్ ఆయన కౌంటు తప్పు అనేశాను.

శుక్రవారం పొద్దున్నే నోటుపుస్తకం తీసి మధ్యలో గీత గీశాను. ఎడమ పక్క వచ్చేవి, కుడి పక్క రానివి. లాప్‌టాప్‌లో రానిది, ఇంటి నెట్ మీద ఫోన్‌లో కూడా రాలేదు. కాబట్టి లాప్‌టాప్ మీద అనుమానం పోయింది. ముప్పై ఒక్క సైట్ల పేర్లు కొట్టాను. ముప్పై ఒకటీ కుడి పక్కకే వెళ్లాయి. ఎడమ పక్క మెసేజీలూ, బాక్సు సొంత పేజీ, అవి రెండే. ఆ బాక్సు పేజీని ఎప్పుడూ పేరుతో తెరవను. దానికి పేరు లేదు, చుక్కలు పెట్టిన అంకెలు కొట్టాలి. పెన్ను అక్కడ ఆగింది. పేరుతో పిలిస్తే ఒక్కటీ పలకడం లేదు. అంకెతో పిలిస్తే పలుకుతోంది.

కేబుల్ ఆయనకు ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను.

"అక్కగారూ, లాప్‌టాప్‌లో నల్ల తెర ఒకటి ఉంటది, అది తెరవండి. నేనో సైటు నంబరు చెప్తాను, అది కొట్టండి."

కొట్టాను. నాలుగు పలకరింపులు పంపితే నాలుగూ తిరిగొచ్చాయని రాసి చూపించింది.

"ఇప్పుడు అదే సైటు పేరు కొట్టండి."

దొరకలేదు.

"అయితే మా దారి బాగుందండి" అన్నారాయన. పదకొండు రోజుల తర్వాత ఆ గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "మీరు సైటు పేరు కొట్టగానే దాని నంబరు చెప్పడానికి వేరే ఒక చోటు ఉంటదండి. అది పలకట్లేదు. ఫోన్‌లో పేర్లన్నీ చెరిగిపోయినట్టన్నమాట. ఫోన్ పనిచేస్తది, ఎవరికి చెయ్యాలో మాత్రం దానికి తెలీదు. మెసేజీల యాప్‌కి దాని నంబర్లు ముందే గుర్తుంటాయి, అందుకే అవి వచ్చాయి. వస్తన్నానుండండి."

ఈసారి నిచ్చెన లేకుండా వచ్చారు. బాక్సు పేజీ తెరిచి, లోపలికి నాలుగు మెట్లు దిగి, ఒక గడి దగ్గర వేలు పెట్టారు.

"ఈ అంకెలు మావి కావండి. ఎవరు పెట్టారు?"

వంటింట్లోంచి మావారు తొంగి చూశారు. నేను నోటుపుస్తకం మూశాను.

"నేనే" అన్నాను.

పోయిన వేసవిలో జరిగింది అది. మా ఇంట్లో ఏ పేజీ అయినా తెరుచుకునే ముందు ఆలోచిస్తూ ఉండిపోయేది. గడియారం పెట్టి చూస్తే సగటున తొమ్మిది సెకన్లు. చెల్లి ఇంట్లో మూడే. ఒకరోజు వాళ్ల బాక్సులో తేడా ఏముందా అని గడి గడీ చూసి, పేర్లకు నంబర్లు చెప్పే చోటు అంకెలు రెండు వరసలు కాగితం మీద రాసుకొచ్చాను, పొరుగింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టు. మా బాక్సులో పెట్టగానే తొమ్మిది మూడయింది. ఎవరికీ చెప్పలేదు. నాలో నేనే మురిసిపోయాను. బుధవారం పిన్ను నొక్కనివ్వనిది ఈ రెండు వరసలు పోతాయనే.

"కానీ అవి చెల్లి ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తున్నాయండి. మొన్న ఆదివారం చూసొచ్చాను" అన్నాను, ఓడిపోయే ముందు చివరిసారి.

"చేస్తాయండి. వాళ్లది వేరే కంపెనీ. ఇన్నాళ్లూ ఎవరడిగినా చెప్పేవాళ్లేమో, ఇప్పుడు వాళ్ల కస్టమర్లకే అని తలుపేసుకుని ఉంటారు. పెనుగొండ పోస్ట్‌మేన్‌ని పట్టుకుని మన ఊళ్లో ఉత్తరాలు పంచమంటే ఎన్నాళ్లు పంచుతాడండీ?"

ఆ రెండు వరసలు చెరిపి, అంకెలు కంపెనీ నుంచే తీసుకొమ్మని బాక్సుకు చెప్పారు. బాక్సు ఒకసారి ఆగి వెలిగింది. సైటు పేరు కొట్టాను. రెండు సెకన్లు. నమ్మలేక మళ్లీ చూశాను. రెండే.

"చలికాలంలోనే మా వాళ్లు బాగు చేశారండి. మీదాకా రాలేదు, మీరు అడ్డం పెట్టారు గదా" అని నవ్వారు.

ఆ రోజు నేనన్న మాటకు క్షమించమన్నాను. "పర్లేదండి. రొయ్య మాట మాత్రం మా ఇంట్లో చెప్పుకున్నాం" అన్నారు. మావారు టీ తెచ్చి ఇచ్చి, "నేను సగం ఉందన్నాను, ఎవరైనా విన్నారా?" అని ఆయన పక్కన కూర్చున్నారు. అంకె మారదని, మనిషే తప్పు చేస్తాడని నమ్మి బతికినదాన్ని. ఆ రోజు నుంచి, నేను రాసుకొచ్చిన అంకె ఏదైనా సరే, ఎక్కడిది, ఎవరిది, ఎప్పటిది అని పక్కన రాసుకుంటున్నాను.

ఆ సాయంత్రం తరగతిలో పిల్లలకూ, వెనక నిలబడ్డ తల్లులకూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరి పది గంటలు వాళ్లకు తిరిగి ఇస్తానన్నాను. చిన్నవాళ్లకు ఆదివారాలు ఇచ్చి తీర్చేశాను. పరీక్ష మూడు వారాల్లోకి వచ్చింది కాబట్టి ఆ ఆరుగురికి పొద్దున్న కూడా ఒక తరగతి పెట్టాను. ఐదుగురికి పదీ తీరిపోయాయి.

మొగల్తూరు పిల్లకు తీరలేదు. ఆ ఇంట్లో ఫోన్ ఒక్కటే, పొద్దున్నే వాళ్లమ్మతో షెడ్డుకు వెళ్లిపోతుంది. సెలవు పెట్టి కొన్ని రోజులు, ఫోన్ ఇంట్లో వదిలేసి కొన్ని రోజులు, ఆ తల్లి ఏడు తరగతులు సంపాదించింది. భిన్నాల సంగతి ఆ ఏడింటిలోనే తేల్చేశాం. ఫలితాలు వచ్చిన రోజు షెడ్డు నుంచి ఫోన్ చేసి, "అక్కా, మేస్త్రీకి రాదని చెప్పేశాను" అంది. సీటు వచ్చిందన్న మాట నేనే అడిగి చెప్పించుకున్నాను.

దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల అమ్మతో మా ఇంటికి వచ్చింది. మిగిలినవి ఈ నాలుగు రోజుల్లో చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడొద్దు టీచర్ గారండీ. అక్కడ చెప్పేవి బానే అర్థమవుతున్నాయి. అర్థం కానివి వచ్చినప్పుడు వాడుకుంటాను. ఉంచండి" అంది.

"మరిచిపోతావేమో."

"మీరు మరిచిపోరు కదండీ."

గోడ మీద, ఇంటర్నెట్ బాక్సు కింద, పెన్సిల్‌తో రాసి ఉంచాను. పక్కన ఆ పిల్ల ఊరు, ఎందుకు బాకీ పడ్డానో కూడా ఉంది. ఈ రోజుకు అక్కడున్న అంకె మూడు.