అడవి అనగానే నాకు తట్టిన మాట

ఈ రోజు సైకాలజీ ఆనర్స్ ప్రాక్టికల్‌లో మా సార్ నా గురించి బెంగపడ్డారు.

పరీక్ష తేలికైనదే. ఒకరు మాట చదువుతారు, రెండోవాళ్ళు వెంటనే తట్టింది చెప్పాలి. నా పార్ట్‌నర్ "అడవి" అంది. నేను "అమ్మ" అన్నాను. క్లాసులో కొండ మీది నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా పులి, చీకటి, భయం అన్నారు.

సార్ నా పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించి అడిగారు. "చిన్నప్పుడు మీ అమ్మగారు అడవిలో తప్పిపోయారా తల్లీ?"

"లేదు సార్. ఈ రోజు కూడా పొద్దున్నే అడ్డాకులు కొయ్యడానికెళ్ళుంటాది. సాయంత్రం నేనెళ్ళేసరికి ఇంట్లోనే ఉంటాది."

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. జవాబు అసాధారణంగా ఉందని, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకోరని, "పులి" అని మార్చెయ్యమని అన్నారు. మార్చనన్నాను. మార్కులు పోతాయన్నారు. పోనివ్వండన్నాను. నా బుర్రలోకి రాని పులిని నేనెక్కణ్ణుంచి తేను?

మధ్యాహ్నం బస్సెక్కి, అరకు ఘాట్ దాటి ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని విస్తర్లు కుడుతోంది. జరిగింది చెప్పాను. చేతిలో పని ఆపకుండానే అంది.

"పులేటే గుంటా? ఇన్నేళ్ళు తిరిగాను, నానెప్పుడూ సూడ్నేదు."

మీకు అడవి అనగానే ఏం తట్టింది? ఆలోచించకుండా కామెంట్లో పెట్టండి. పులి అన్నవాళ్ళు కంగారుపడొద్దు. మీ పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మీ చిన్నతనం గురించి అడుగుతాను, అంతే.