రెండు వేల కోడిపిల్లలతో షాద్‌నగర్ దారిలో

శనివారం ఉదయం అయిదుంపావుకు కొండాపూర్‌లో బస్సెక్కాను. పక్క సీటులో పద్మక్క. హైటెక్ సిటీలోని మా ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. షాద్‌నగర్ అవతల ఊళ్లో ఆమెకు కోళ్ల షెడ్డుంది. నిరుడు బర్డ్ ఫ్లూతో షెడ్డు ఖాళీ అయ్యాక, భర్త యాదయ్యను అక్కడే ఉంచి ఇక్కడ పనికి చేరింది. ఇప్పుడు షెడ్డులో రోగం పోయిందని పరీక్షలో తేలింది. ఇవాళ కొత్త కోడిపిల్లలు దిగుతున్నాయి. "మీరు గూడ రాండ్రి మేడం" అనడమే ఆలస్యం, నేను సంచి సర్దేసుకున్నాను.

తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నా ఆధార్‌లో ఇంకా గుంటూరు చిరునామాయే ఉంది కాబట్టి నేను టికెట్ కొన్నాను. "జల్ది మార్పించుకోండ్రి" అని కండక్టర్ నవ్వాడు. ఆరాంఘర్‌లో బస్సు మారి ఏడున్నరకు షాద్‌నగర్‌లో దిగాం. నేను రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. పద్మక్కకు ముద్ద దిగలేదు. "పెండ్లప్పుడు గూడ గింత పరేషాన్ కాలే" అంది.

ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. ఇద్దరం డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాం. వెనక చిల్లుల అట్టపెట్టెల్లో రెండు వేల పిల్లలు. ఒకటే కిచకిచలు! గతుకు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, అన్నీ కలిసి మళ్లీ అందుకునేవి. నాకు నవ్వాగలేదు. పద్మక్క మాత్రం నిరుటి సంగతి ఎత్తింది.

"ఆఫీసర్లొచ్చి అన్నిట్నీ సంపి గుంతల పూడ్సిన్రు మేడం. తెల్లారి షెడ్డుకు పోతే సప్పుడే లేదు. తలుపుకాడనే కూసున్న."

చుట్టుపక్కల ఇళ్లలోని నాటుకోళ్లనూ వదల్లేదట. పక్క ఇంటి సాయవ్వ పది కోళ్ల గుడ్లమ్ముకుని బతికేది. అవీ పోయాయి. ఆనాటి నుంచి ఆమె పద్మక్కతో మాట్లాడలేదు.

తొమ్మిదింటికి చేరాం. గుమ్మంలో మందు నీళ్ల తొట్టి. అందులో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాం. ఊక మీద పరిచిన పాత పేపర్లు, కిందికి వేలాడే బల్బులు, బెల్లం నీళ్ల గిన్నెలు. యాదయ్య నాకు పని నేర్పాడు: ఒక్కో పిల్లను పట్టుకుని ముక్కు నీళ్లకు తాకించాలి. "ఒక్క గుటక మింగిందంటే ఇగ ఫికర్ లేదు." నా అరచేతిలోని మొదటి పిల్ల తల పైకెత్తి మింగింది. "తాగిందండీ!" అని అరిచేశాను.

అంతలో గుమ్మం దగ్గర ఒక ముసలామె నిలబడింది. సాయవ్వేనని యాదయ్య నాకు మెల్లగా చెప్పాడు.

"గీసారి డాక్టర్ సూసిండా?"

"సూసిండవ్వా" అంటూ పద్మక్క లేచింది.

"అప్పుడు కోళ్లు తూలుతున్నయని నీకు ముందే తెల్సా, తెల్వదా?"

యాదయ్య తల దించుకున్నాడు.

"తెల్సు అవ్వా. రెండు రోజులు దాసిపెట్టిన. తగ్గుతదనుకున్న. తప్పయింది" అంది పద్మక్క.

సాయవ్వ వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె చీర కుచ్చిళ్లు పైకెత్తి, మందు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికొచ్చింది. "ఆ మూలకు సూడు, కుప్పవడ్తున్నయ్. సలి పెడ్తున్నది వాటికి. బల్బు కిందికి దించు" అంది. యాదయ్య దించాడు. కాసేపటికి గుంపు విడిపోయి పిల్లలు పేపర్ల మీద పరుగులు తీశాయి. ముసలామె ఊకలో చతికిలబడి, ఒక పిల్లను చేతిలోకి తీసుకుంది.

మొదటి వారం పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి కనుక పద్మక్క అక్కడే ఆగిపోయింది. నాలుగింటి బస్సులో నేనొక్కదాన్నే బయల్దేరాను. ఇలాంటి చోటు చూడాలనుకునేవాళ్లు ఫారం వాళ్లు పిలిస్తేనే వెళ్లండి. మన చెప్పులతో కూడా రోగం వెళ్తుందట.

నిరుడు ఆ రోగం వచ్చిన రోజుల్లో మా ఫుడ్‌కోర్టులో చికెన్ బిర్యానీ ఆపేశారు. పనీర్ తింటూ విసుక్కున్నాను. బర్డ్ ఫ్లూ గురించి నాకు తెలిసిందల్లా అంతే.

బస్సు శంషాబాద్ దాటుతుండగా ఫోన్ మోగింది. కిచకిచల మధ్య పద్మక్క గొంతు: "అన్నీ తాగినయ్ మేడం! అవ్వ ఇంక ఇంటికి పోలే. పొమ్మన్నా పోతలేదు."