మొదటి మీట

మొన్న మా అమ్మాయి కారులో గుంటూరు వెళుతుంటే చిలకలూరిపేట దాటగానే రేడియో గరగరమంది, నా పిడికిలి దానంతటదే లేచి డాష్‌బోర్డు మీద పడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. అమ్మాయి హడలిపోయి కారు పక్కకి తీసి ఆపింది. అరవై దాటినదాన్ని, సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ గుద్దు నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నది.

ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర నాన్న కొన్న పాత కారులో ఐదు మీటల రేడియో ఉండేది, మా ఈడు వాళ్లకి అలాంటివి గుర్తుండే ఉంటాయి. మొదటి మీట వార్తలదీ వాతావరణానిదీ, మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో దాని జోలికి ఎవరూ పోకూడదు. ఎద్దునైనా, పాలేరునైనా, అమ్మనైనా కొట్టి దారిలో పెట్టొచ్చని నమ్మిన మనిషి నాన్న, రేడియో గరగరమంటే దాన్నీ గుద్దేవాడు, వెనకాల వదులైన తీగ ఆ అదురుకి అతుక్కుని ఒక్కోసారి అది పలికేది, దాంతో ఆయన నమ్మకం ఇంకా గట్టిపడేది. మా బాబాయి మాత్రం అన్నగారు ఇంట్లో లేనప్పుడు స్క్రూడ్రైవరుతో ఆ తీగ బిగించి, ఏరియల్ మొదట్లో తుప్పు గీకి, డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమ చెవి రేడియో వైపు ఒగ్గి, ఒక్కొక్క స్టేషనూ వెతికి, మీట బయటికి లాగి లోపలికి నొక్కి, ఆ మీటకి ఆ స్టేషనే పలికేలా కుదిర్చేవాడు.

డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి వచ్చి, షెడ్డులో ఉన్న కారులో కూర్చుని ముల్లు తిప్పుతుంటే సినిమా పాటల స్టేషను దొరికింది, ఆ సంబరంలో మొదటి మీటే లాగి దానికి నొక్కేశాను. మర్నాడు సాయంత్రం మిర్చి యార్డు నుంచి వస్తూ నాన్న వార్తల వేళకి మీట నొక్కితే పాట వచ్చింది, వెతుక్కునేసరికి వాన కబురు అయిపోయింది. తెల్లారేసరికి కల్లంలో పట్టాలు కప్పని కాయలన్నీ ఎర్రటి నీళ్లలో తేలుతున్నాయి.

నాన్న ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయనకి తెలిసి మీటలు మార్చడం వచ్చినవాడు ఇంట్లో బాబాయి ఒక్కడే.

“నా కొంప ముంచావు కదరా” అంటూ కల్లంలోనే తమ్ముణ్ణి కొట్టాడు, పడిపోతే జుట్టు పట్టి లేపి కొట్టాడు, కారులోంచి జాకీ రాడ్డు తీస్తే అమ్మ అడ్డం పడింది, ఆ దెబ్బకి ఆవిడ మోచెయ్యి విరిగింది. బాబాయి ఎడమ చెవిలోంచి రక్తం కారి చొక్కా తడిసింది. మార్చింది నేనని ఒక్క మాట అంటే ఆగేది. నేను కారు వెనక నిలబడి నోరు నొక్కుకున్నాను. ఆ పిరికితనాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పది రోజుల తర్వాత బాబాయి చెవిలో దూది పెట్టుకుని కారెక్కి నన్ను పిలిచాడు.

“అమ్మాయ్, నువ్వు పెట్టిన స్టేషను కొంచెం పక్కకుంది. ముల్లు సరిగ్గా కుదిరాక నొక్కాలి, ఇట్రా చూపిస్తాను” అన్నాడు, అంతే. కుడి చెవి రేడియో వైపు తిప్పడానికి మెడ వంచి నానా అవస్థ పడ్డాడు. ఎడమ చెవికి మళ్లీ వినికిడి రాలేదు. ఆయన నా సంగతి నాన్నకి చెప్పలేదు, నేనూ చెప్పలేదు, అన్నదమ్ములిద్దరూ పోయారు.

మొన్న మా అమ్మాయి కారు దిగి ఏరియల్‌ని రెండు చుట్లు బిగిస్తే రేడియో పలికింది. ఇప్పుడు మీట లాగక్కర్లేదు, నొక్కక్కర్లేదు, తెర మీద కాసేపు వేలు ఆనిస్తే చాలు. మొదటిదానికి ఏ స్టేషను పెట్టమంటావని అడిగితే నీ ఇష్టం అన్నాను, మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఒళ్లో పెట్టుకున్న నా చెయ్యి గుంటూరు చేరేదాకా నొప్పి పుడుతూనే ఉంది.