దొర గుడ్డు

మా ఇంట్లో దాన్ని దొర గుడ్డు అనేవాళ్లం. ఉడికించిన గుడ్డు పొట్టు తీసి, చుట్టూ కైమా అద్ది, గిలకొట్టిన సొనలో ముంచి, ఎండిన డబల్‌రొట్టె పొడిలో దొర్లించి నూనెలో వేయించాలి. ఇంగ్లీషు వాళ్లు అందులో పంది మాంసం వాడేవాళ్లట. చుట్టూ ముస్లింల ఇళ్లున్న మా మొఘల్‌పురాలో ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికుంది? మేం మేక కైమాతోనే కానిచ్చేవాళ్లం. ఉప్పు, మిరియాల పొడి తప్ప ఇంకేమీ పడకూడదు. నా చెయ్యి కారం డబ్బా వైపు వెళ్తే నాన్నమ్మ దాని మీద ఒక్కటి వేసేది.

"మీ తాత ఎయ్యకపోతుండె. నువ్వెయ్యకు."

తాత లష్కర్ కంటోన్మెంటులో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేశాడు. దొర కన్నుమూశాక ఇంటికొచ్చి, పండగలకు మాకు ఈ గుడ్లే చేసి పెట్టేవాడు. మేం తింటుంటే గోడ పక్కన నిలబడి చూసేవాడు. నువ్వు తినవా అంటే "తిన్న బిడ్డా" అనేవాడు. తినగా చూసినవాళ్లెవరూ లేరు, ఆ సంగతి మాకెవరికీ తట్టనూ లేదు. ఆయన పోయాక, ఆయనకు ప్రాణమైన వంట ఇదేనని అందరం తేల్చేశాం.

అవి పందొమ్మిది వందల డెబ్బైల మొదటి రోజులు, నాకు పదేళ్లు. పెత్రమాస, అంటే పోయిన పెద్దలకు వాళ్లకిష్టమైనవి వండిపెట్టే అమావాస్య వచ్చింది. నాన్నమ్మ లోపలి గదిలో ఆకు వేసి, అన్నం, దొర గుడ్డు వడ్డించి, ఊదు పొగ వేసి తలుపు మూసింది. కాసేపు బయట కూర్చుని తలుపు తీశాం. గుడ్డు సరిగ్గా నడిమికి రెండు చెక్కలై ఉంది. మా ఇంట్లో ఉన్నది ఒక్క కత్తిపీట, అది నా పక్కనే ఉంది. గదిలో ఊదు వాసన మీద తియ్యటి పొగాకు వాసన. "వచ్చిండు" అని నాన్నమ్మ పొంగిపోయింది. నేను మాత్రం ఆమె వెనక్కి జరిగాను. తాత జన్మలో పొగ తాగి ఎరగడు.

మరుసటి ఏడూ అంతే. అదే కోత, అదే వాసన.

మూడో ఏడు నాన్నమ్మ నేలంతా పల్చగా బియ్యప్పిండి చల్లింది. "కాళ్ల జాడన్న చూస్తనే బిడ్డా" అంది. ఆమె ఆశ నాకర్థమైంది కాబట్టి పొగాకు వాసన సంగతి ఎత్తలేదు. పట్టపగలు, ఎదురింట్లో రేడియో మోగుతోంది. అయినా ఆ మూసిన తలుపు వైపు చూడాలంటే నాకు భయమేసింది.

తలుపు తీశాక ఆకు చుట్టూ పిండి చెదరలేదు. గుడ్డు మాత్రం రెండు చెక్కలైంది. గోడ వారన పిండిలో రెండు పాదాల అచ్చులున్నాయి, పక్కపక్కన, మడమలు గోడకు ఆనించి. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. తాతకు బంగళాలో బొగ్గుల పొయ్యి మీదపడి ఆ వేలే పోయింది. ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు.

"వచ్చి కూసుంటలేడు. మూడేండ్ల సంది ఆకలితోనే మల్లిపోతుండు" అని నాన్నమ్మ కూలబడి ఏడ్చింది. ఆమె అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మా గల్లీ చివర ఉండే ముసలాయన్ను పిలుచుకు రమ్మని నన్ను పంపింది. ఆయన అదే బంగళాలో దొరకు పళ్లాలు అందించినవాడు.

ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. ముందు ఆకు చూశాడు, తర్వాత గోడ వార చూశాడు.

"అరె భాభీ, ఇది సాబ్ నాష్తా! సాబ్ గిట్లనే చాకుతోని నడిమికి కోస్తుండె, పైపు ముట్టిస్తుండె. ఆయన తిని లేచేదాకా భాయ్ గోడకు నిలవడాలె. భాయ్ దీన్ని ఎన్నడన్న నోట్ల పెట్టిండా? మిర్చి లేంది ఆయనకు ముద్ద దిగుతుండెనా?"

నాన్నమ్మ ఏడుపు ఆగిపోయింది. మూడేళ్లుగా మేం ఎవరిని భోజనానికి పిలుస్తున్నామో ముగ్గురికీ తెలిసిపోయింది. పొగాకు వాసన ఇంకా గదిలోనే ఉంది.

నాన్నమ్మ లేచి ఆకుతో సహా గుడ్డును బయట పెట్టింది. మిగిలిన కైమాలో గుప్పెడు కారం పోసి వండింది. జొన్నరొట్టె కాల్చింది. ఘాటుకు దగ్గుతూనే కొత్త ఆకును తీసుకెళ్లి ఆ పాదాల ముందే వేసింది. తర్వాత ఖాళీ గది నడిమి వైపు తిరిగి కోపంగా అంది.

"దొరా, నీ బంగళాల నువ్వు తిను. గిది మా ఇల్లు."

గోడ వైపు తిరిగేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"కూసో. ఎవ్వలు చూస్తలేరు."

తలుపు మూసి, కాసేపాగి మళ్లీ తీసినప్పుడు పాదాల గుర్తులు లేవు. అక్కడ పిండి వెడల్పుగా చెరిగి ఉంది, మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చెరిగినంత మేర. రొట్టె అంచు తుంచి ఉంది. గదిలో కారం ఘాటు తప్ప ఇంకే వాసనా లేదు. ముసలాయన టోపీ సర్దుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నాన్నమ్మ, నేను బయట గడప మీద కూర్చున్నాం. పక్కన దొర గుడ్డు అట్లాగే ఉంది. ఆమె ఒక చెక్క నాకిచ్చి, రెండోది తను నోట్లో వేసుకుంది. భయపడుతూనే కొరికాను. చప్పగా ఉంది. నాన్నమ్మ చాలాసేపు నమిలింది.

"గిదానికేనా," అంది, "ముప్పై ఏండ్లు నిలవడ్డడు?"