అడ్డులేని చక్రం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడమీది గదిలో కిరాయికున్న నల్గొండ నిరుద్యోగి గ్రూప్స్ పరీక్షలకు ఎంత చదివాడంటే, అతని పుస్తకాల బరువుకు మా ఇల్లు జానెడు కుంగింది. ఏ రాజు పేరెత్తినా గాలిలో వేలితో చక్రం గీసేవాడు.

"చక్రవర్తి అంటే ఉత్తగ పెద్ద రాజు కాదన్నా. గది సంస్కృతం బిరుదు. ఎవని రథచక్రం ఏ హద్దు కాడ ఆగకుంట తిరుగుతదో, వాడు!"

వయోపరిమితి వల్ల ఆ ఏడాదిదే అతనికి చివరి పరీక్ష. కేంద్రం హయత్‌నగర్‌లో పడింది. బస్సును నమ్మలేక నా స్కూటరెక్కాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో భూమ్మీది లారీలన్నీ మాకు అడ్డంగా నిలబడ్డాయి.

"అన్నా, జర పోనియ్యే!" అని ముందున్న లారీ డ్రైవర్‌ని బతిమాలాడు.

"ఎట్ల పోవాలె తమ్మీ, ఎగరాల్నా?"

నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. మేం రెండు నిమిషాలు ఆలస్యంగా చేరాం. మూసిన గేటు ఊచలు పట్టుకుని, "ఏడేండ్ల సంది చదువుతున్న సార్" అని మొక్కాడు. లోపలి కానిస్టేబుల్ తల దించుకున్నాడు గాని తాళం తీయలేదు.

తిరుగుదారిలో ఒక్క సిగ్నలూ మమ్మల్ని ఆపలేదు. అదే చౌరస్తా దాటుతుంటే వెనక నుంచి మెల్లగా అన్నాడు.

"సూడన్నా, ఇప్పుడు యాడా ఆగుతలేదు."

నా వీపుమీద అతని వేలు చక్రం గీయబోయి, సగంలో ఆగిపోయింది.