మూడు బ్లాకుల అదృష్టం

మా గోదావరిఖనిలో ఒక మనిషికి గుండెజబ్బు వచ్చిందంటే పలకరించడానికి వచ్చేవాళ్ళు రెండు తీర్లుగా మాట్లాడతారు. రిటైరైన మనిషయితే "అయ్యో" అంటారు. ఇంకా సర్వీసు మిగిలి ఉన్న మనిషయితే కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఎన్ని బ్లాకులట?" అని అడుగుతారు. ఒకటే అంటే పెదవి విరుస్తారు. మూడు అంటే ముఖాలు వెలుగుతాయి.

సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసే మనిషి జబ్బువల్ల ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే అతని కొడుక్కు నౌకరి వస్తుంది. దానికి మా దగ్గర 'అన్‌ఫిట్ కావడం' అని పేరు. పరీక్ష పాసైనట్టు చెప్పుకుంటారు. ఇంటాయన అన్‌ఫిట్ అయ్యాడని లడ్డూలు పంచిన ఇల్లు మా క్వార్టర్ల లైనులోనే ఉంది. నేనూ తిన్నాను. లడ్డూ బాగానే ఉంది, ఇచ్చినవాళ్ళ బుద్ధే బాగాలేదు.

నా పెనిమిటి కాలంలో బ్లాకు అన్న మాట మాకు తెలియదు. అప్పుడు అందరికీ గ్యాసే. ఆయన పొద్దటి షిఫ్టు దిగి వచ్చి, ఛాతీ రుద్దుకుంటూ "గ్యాస్ పట్టిందే" అన్నాడు. పక్కింటావిడ ఓమ నీళ్ళు కాచి తెచ్చింది. ఎదురింటాయన సోడా తాగించాడు. ఇంకొకాయన వీపు మీద గుద్దమన్నాడు. గుద్దాము. తెల్లారి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నాడి చూసి "గుండె ఆగింది" అన్నాడు. మిగతా చనిపోయినవాళ్ళందరికీ గుండె నడుస్తూ ఉంటుందన్నట్టు చెప్పాడు. ఎందుకు ఆగిందని అడిగే తెలివి నాకు లేదు, చెప్పే ఓపిక ఆయనకు లేదు.

ఆ చావుకు నాకు నౌకరి వచ్చింది. ఆఫీసులో ఊడవడం, నీళ్ళు అందించడం. వేలిముద్ర వేసి చేరాను. నలభై దాటాక సాయంత్రాలు కమ్యూనిటీ హాలుకు పోయి అ ఆలు దిద్దాను. నన్ను చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పుడు వాళ్ళ మందుల సీసా మీద ఏముందో చదవమని నా దగ్గరికే వస్తారు. చదివి పెడతాను, నవ్విన సంగతి కూడా గుర్తు చేసి పంపిస్తాను.

ఇక నా తమ్ముడి కథ.

వాడు వయసులో ఉన్నప్పుడు తట్టలో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపిన మనిషి. తర్వాత పైకప్పు కూలకుండా సపోర్టు పెట్టే పనికి మార్చారు. నాలుగేండ్లలో రిటైరవుతాడనగా, బస్సు దిగి క్వార్టరు దాకా నడిచేలోపల రెండుచోట్ల ఆగడం మొదలుపెట్టాడు. ఎడమ దవడ లాగుతుందన్నాడు. కొత్త కాలం కాబట్టి ఎవరూ ఓమ నీళ్ళు ఇవ్వలేదు. ఇక్కడి దవాఖానలో గుండెకు తీగలు పెట్టి గీతలు తీశారు. నడిచే పట్టా మీద నడిపించి, కాసేపటికే డాక్టరు చెయ్యెత్తి ఆపించాడు. హైదరాబాదు పెద్ద దవాఖానకు పొమ్మని రాసిచ్చాడు. అంత తొందరగా, అంత సులువుగా పట్టుకున్నారు. నా పెనిమిటికి దొరకనిది అదే.

పోయే ముందటి సాయంత్రం వాళ్ళ క్వార్టరు పెండ్లి ఇల్లులా ఉంది. చాయ్ కాచి కాచి నా మరదలు అలసిపోయింది. అందరి మధ్యా దవాఖాన గేటు ముందర తిరిగే పైరవీకారు కూర్చున్నాడు. బాయిలో దిగింది తక్కువ, బోర్డు గురించి మాట్లాడేది ఎక్కువ.

"అన్నా, ఒక్కటే మాట చెప్త, మంచిగ ఇను," అన్నాడు తమ్ముడితో. "స్టెంటు ఏపిచ్చుకోకు. ఏపిచ్చుకున్నవో, బాగైనవని ఫిట్ రాస్తరు. గుండె నరాల ఫోటో ఒక్కటి తీపిచ్చుకోని వాపస్ రా. గా ఫోటో పట్టుకోని బోర్డుకు పోదాం."

"మరి నొప్పి?" అన్నాను నేను.

"నొప్పి ఉంటెనే గద అక్కా కేసు గట్టిగుండేది."

అందరూ తలలూపారు. రోగం బాగైతే నష్టం అని ఇంతమంది ఒక్కమాట మీద ఉన్న చోటు ఈ భూమ్మీద ఇంకోటి ఉంటుందని నేననుకోను. నా తమ్ముడు కూడా ఊపాడు. వాడి కొడుకు గుమ్మం దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. ముప్పై ఏండ్లు దగ్గరపడ్డాయి. డిప్లొమా చేశాడు, దాని తర్వాత ఏమీ చెయ్యలేదు. తండ్రి నౌకరి వస్తుందని కూర్చున్నాడు. 'వాడు చెడ్డోడు కాదు వదినె' అంటుంది మరదలు. నిజమే. చెడ్డవాడు కావడానికి కూడా ఎంతోకొంత పనిచెయ్యాలి.

హైదరాబాదులో డాక్టరమ్మ చిన్న వయసుది. మాట కోస్తా వైపుది. తమ్ముడిని లోపలికి తీసుకుపోయాక నన్ను అద్దం ఇవతల నిలబెట్టి టీవీలో చూపించింది. ఒకప్పుడు గుండె చూడాలంటే తొడలోంచి పోయేవారట, రోజంతా కాలు కదపనిచ్చేవారు కాదట. ఇప్పుడు మణికట్టు నుంచి పోయారు, గాజులు ఎక్కించుకునే చోటునుంచి. మందు ఎక్కించగానే తెరమీద నరాలు ఎండాకాలపు చెట్టు కొమ్మల్లా నల్లగా కనిపించాయి. రెండుచోట్ల కొమ్మ సన్నబడింది. మూడోచోట, పెద్ద కొమ్మ మొదట్లో, దారమంత మిగిలింది. అంతటితో ఆగలేదు. వెంట్రుకలాంటి తీగ చివర కన్ను పెట్టి నరం లోపలికే పంపించి, గోడకు పట్టిన మడ్డి ఎంత మందం ఉందో కొలిచింది. బతికున్న మనిషి గుండెనరం లోపల ఎలా ఉంటుందో నేను చూశాను. నా తమ్ముడు ఆ బల్లమీద పడుకొని మెలకువగానే ఉన్నాడు.

తర్వాత బయట మంచం మీదికి తెచ్చారు. డాక్టరమ్మ వచ్చి అందరికీ విప్పి చెప్పింది.

"ఎడమవైపు మొదట్లోనే చాలా మూసుకుపోయిందండీ. ఈరోజే స్టెంట్లు వేసేద్దాం. ఛాతీ కొయ్యక్కర్లేదు, ఇదే చేతిలోంచి వేస్తాం. రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళొచ్చు. మందులు సరిగ్గా వేసుకుంటే కొన్నాళ్ళకి డ్యూటీకి కూడా వెళ్ళిపోవచ్చు."

ఆ చివరి మాట వినగానే నా తమ్ముడి ముఖం వాడిపోయింది. నరం మూసుకుపోయిందని చెప్పినప్పుడు అలా కాలేదు.

"డ్యూటీకా మేడం?"

"అవునండీ. భయపడకండి."

"ఇప్పుడొద్దు మేడం. బోర్డు అయినంక వచ్చి ఏపిచ్చుకుంట. ఫోటో ఇయ్యుండ్రి."

"ఏ బోర్డు?"

మరదలు నేలచూపు చూసింది. అల్లుడు, అంటే తమ్ముడి కొడుకు, ఫోను జేబులో పెట్టి మళ్ళీ తీశాడు. నేనే చెప్పాను. అన్‌ఫిట్ అంటే ఏమిటో, మేము దేనికోసం వచ్చామో, అంతా విప్పాను. డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా, "ఇది మూసుకుపోతే మీరు ఆసుపత్రి దాకా రాలేరండీ. మీ ఊరి నుంచి ఇక్కడికి కాదు, మీ ఇంటి నుంచి మీ వీధి చివరి ఆసుపత్రికి కూడా. నేనైతే పంపించను. వెళ్తానంటే అది మీ నిర్ణయం. కాసేపట్లో వస్తాను," అని పోయింది.

ఇన్నేళ్ళు ఎంతమంది తలలు పగలగొట్టుకుంటే మణికట్టులోంచి గుండెకు దారి దొరికిందో. ఆ దారి చివర మా బొగ్గుబాయి మనిషి పడుకొని, వద్దు, నన్ను బాగుచెయ్యకండి అంటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"స్టెంట్లకు సంతకం పెట్టు," అన్నాను.

"నువ్వు ఊకో అక్కా. నీకు నౌకరి చేసినందుకు పింఛను వస్తది. నా పోరని సంగతేంది?"

"నాకు నౌకరి ఎట్లొచ్చిందో ఎరుక లేదా నీకు?"

"బావది వేరు. గప్పుడు తెల్వదు."

"గప్పుడు తెల్వక సచ్చిండు. నువ్వు తెలిసి సస్తవా? మంచిగుంది నీ తెలివి."

"బోర్డుదాక ఏం గాదే. మెల్లగ ఉంట. మెట్లెక్క."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క మంచం ఆయన మా మాటలు వింటూ పండు ఒలుచుకోవడం ఆపాడు. ఆయనదీ మంచిర్యాల వైపే అని తర్వాత తెలిసింది. ఆయన కూడా ఫోటో కోసమే వచ్చాడు.

నాకు విసుగెత్తింది. అల్లుడి వైపు తిరిగాను.

"బోర్డు దాక ఆగుడెందుకురా? నీ అయ్య సర్వీసుల ఉండంగ సచ్చినా నీకు నౌకరి వస్తది. బోర్డు లేదు, పైరవీ లేదు. ఇంకా జల్ది వస్తది. ఇంటికి తోల్కపో. రెండంతస్తుల మెట్లు ఎక్కియ్యి. అయిపాయె. ఏమంటవ్?"

ఇంత మాట అన్నాక ఎవడైనా తిడతాడు. నన్ను తిడతాడనే అన్నాను. 'ఏం మాటలత్తా అవి' అని ఒక్క మాట అంటే చాలు, నేను నోరు మూసుకునేదాన్ని. నా తమ్ముడు కూడా ఆ మాట కోసమే దిండు మీద తల తిప్పి కొడుకు వైపు చూశాడు.

అల్లుడు కిటికీ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాయన ఇష్టం అత్తా. నడుమల నేనేం చెప్త," అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. తండ్రి ముందు ఎన్నడూ గొంతు పెంచిన పిల్లవాడు కాదు.

నా తమ్ముడు వాడి వైపే చూస్తూ ఉన్నాడు. ఆ చూపులో కోపం లేదు. బాయిలో పైకప్పు కింద నిలబడి, ఇది ఆగుతుందా కూలుతుందా అని చూసే మనిషి చూపు అది. తర్వాత కట్టు కట్టని చెయ్యి నా వైపు చాపాడు.

"మేడంను పిలువు అక్కా," అన్నాడు.

స్టెంట్లు వేశారు. వాడు నడిచి ఇంటికి వచ్చాడు. మూడు నెలలకు ఫిట్ రాశారు, బాయి దిగే పని కాకుండా పైన సర్ఫేసు మీద పని ఇచ్చారు. అప్పుడు చూడాలి మా కాలనీని. ఇంట్లో శవం లేచినట్టు పలకరింపులు. ఆడవాళ్ళు మరదలు చేతులు పట్టుకొని "గట్లెట్లాయెనే" అని అడిగారు. పైరవీకారు వచ్చి, "చేతిలకొచ్చిన నౌకరి అన్నా, ఊకనే వొయ్యింది. అక్క మాట ఇని పోరని బతుకు పాడు చేస్తివి," అని నేను వింటుండగానే అన్నాడు. నా తమ్ముడు తల వంచుకొని తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు. అల్లుడు నాతో మాట్లాడడం మానేశాడు. మాట్లాడినప్పుడు చెప్పింది కూడా ఏమీ లేదు కాబట్టి నాకు లోటు తెలియలేదు.

వచ్చినవాళ్ళు పోయాక నేను లేవబోతుంటే తమ్ముడు నన్ను ఆపాడు. మరదలు వంటింట్లో ఉందో లేదో చూసుకున్నాడు. చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా, నిన్న బస్టాండుకెల్లి ఇంటిదాక ఒక్కకాడ గూడ ఆగలే. దవడ గుంజలే. పానం మంచిగైంది," అన్నాడు. దొంగసొత్తు సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఎవ్వలకు చెప్పకు."

పక్కింట్లోంచి మొదలుపెట్టి లైను చివరి దాకా, ఇంటింటికీ పోయి చెప్పాను.